బిళ్ళగన్నేరు, పెద్దవల

చిరంజీవులకు,

మొన్న అనకాపల్లి నుంచి వస్తుంటే అగనంపూడి దగ్గర బస్సు ఆగింది కదా. బోర్డు చదివి చిన్నది అడిగింది: "తాతయ్యా, కాన్సర్ ఆసుపత్రి సరే, మళ్ళీ పరిశోధనా కేంద్రం ఎందుకు? ఆ డబ్బుతో ఇంకొన్ని మందులే కొనొచ్చుగా?" బస్సు రొదలో చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను.

అది ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రానికి చెందినది. నడిపేది కేంద్ర ప్రభుత్వ అణుశక్తి విభాగం. కాన్సర్ గడ్డను మాడ్చే కిరణాలు ఆ శాస్త్రంలోంచి వచ్చినవే, అందుకని 1962లోనే ముంబై ఆసుపత్రిని ఆ విభాగానికి అప్పగించారు. మీరు కొనే బిస్కెట్ పొట్లం మీద పన్ను కూడా చివరికి అలాంటి చోటికి చేరుతుంది.

పెదజాలరిపేట ఒడ్డున పెద్దవల లాగడం చూశారా? పడవ వలను అర్ధచంద్రంలా వదులుకుంటూ వెళ్ళి తిరిగి ఒడ్డుకొస్తుంది. తాడు ఒక కొస ఇక్కడ, రెండోది అల్లంత దూరాన. రెండు జట్లూ లాగాలి. చిన్నప్పుడు తెల్లవారుజామున నేనూ పట్టేవాణ్ణి. ఉప్పునీటికి నానిన కొబ్బరిపీచు తాడు, అరచేతులు చీరుకుపోయేవి. గంట లాగినా తాడే తప్ప చేప కనపడదు. ఒకరోజు విసిగి వదిలేశాను. పక్కనున్న ముసలాయన నా వంక చూడకుండానే, "తాడు రాందే సంచెలా వస్తాదిరా?" అన్నాడు. చేప ఉండేది వల చివరి సంచిలోనే. తాడు పట్టిన ప్రతివాడికీ వాటా ఉండేది. నాకు గుప్పెడు నెత్తళ్ళు, ఆకులో చుట్టి.

పరిశోధన ఆ తాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలోని లెడర్లే కంపెనీలో ఒక మందు తయారుచేసింది. 1948 నాటికి బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సర్ ఉన్న పిల్లలకిచ్చి చూశారు. జబ్బు తగ్గింది, కొన్ని నెలలకే తిరగబెట్టింది. అది ఒక కొస. రెండో కొస మన పెరటి బిళ్ళగన్నేరు. షుగర్ తగ్గిస్తుందేమోనని కెనడాలో నోబుల్, బీర్ అనే ఇద్దరు దాని ఆకులు పరీక్షించారు. షుగర్ తగ్గలేదు, తెల్లరక్తకణాలు తగ్గాయి! రక్తకాన్సర్‌లో అదుపు తప్పి పెరిగేవి సాధారణంగా ఆ కణాలే. ఆ ఆకులోంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. టన్నులకొద్దీ ఎండుటాకుకు గ్రాముల్లో దొరికేది. 1960ల మొదట్లో అమెరికా ప్రభుత్వ జాతీయ కాన్సర్ సంస్థ వైద్యులు దాన్నీ, సుబ్బారావుగారి బృందం మందుకు తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌నీ, మరో రెండింటినీ కలిపి ఇచ్చారు. రెండు కొసలూ దగ్గరికొచ్చాయి. ఇప్పుడు మంచి వైద్యం అందితే అలాంటి పిల్లల్లో పదికి ఎనిమిది తొమ్మిది మంది బతుకుతున్నారు.

1965లో మా బెంచీలో నా పక్కన కూర్చునేవాడికి చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది. దసరా సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. అప్పటికే సముద్రం అవతల ఆ తాడు లాగుతున్నారు, మా వీధి దాకా రాలేదంతే. అందుకే ఎక్కడో పరిశోధన జరిగితే చాలదర్రా, మన ఒడ్డున కూడా లాగే జట్టుండాలి. 2014లో మొదలైన ఆ అగనంపూడి ఆసుపత్రిని చూసినప్పుడల్లా నాకు వాడే గుర్తొస్తాడు.

పెద్దవల పోలిక ఇక్కడితో సరిపోదనుకోండి. చేప ఒకసారి తింటే అయిపోతుంది. ఒకసారి కనిపెట్టిన మందు ఇంకా పుట్టని పిల్లలకి కూడా పనికొస్తుంది.

ఐఐటీ బొంబాయి, టాటా ఆసుపత్రి కలిసి రూపొందించిన ఇంకో చికిత్సకి 2023లో మన దేశంలో అనుమతి వచ్చింది. రోగి రక్తంలోంచే కణాలు తీసి, కాన్సర్‌ను గుర్తుపట్టేలా మార్చి, తిరిగి అతనికే ఎక్కిస్తారు. తన ఒంటి కణమే తనకి మందు! దాని లోపలి సంగతులు ఇప్పుడు విప్పను. తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తుంది.

రేపు పొద్దున మెట్ల కింద గోడ పగులులో మొలిచిన బిళ్ళగన్నేరు దగ్గర కాసేపు కూర్చోండి. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. ఐదు రేకులు, నడుమ ముదురురంగు చుక్క. చూడండి గానీ ఆకు నోట్లో పెట్టకండి, విషం. ఆదివారం పెందరాళే లేస్తే పెదజాలరిపేట తీసుకెళ్తాను. అడిగితే తాడు పట్టనిస్తారు.

మీ తాతయ్య,
విశాఖపట్నం