ఓడలో పశువు, రేవులో రోజుల లెక్క

బ్రెజిల్‌లో ఒంగోలు జాతి ఆవు ఒకటి 40 కోట్లు పలికిందన్న వార్త గోదావరి జిల్లాల్లో చేరని ఫోన్ లేదేమో. వయాటినా-19 దాని పేరు. ఆ జాతిని అక్కడ నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. 1960ల మొదట్లో ఇక్కడి నుంచి ఓడెక్కిన ఆంబోతుల్లో ఒకటి కరవది. అది ఒంగోలు పక్కనున్న ఊరి పేరు. ఇంకొక ఆంబోతు పేరు గోదావరి. నెలోర్ పశువుల వంశాల్లో ఈ రెండు పేర్లూ ఈ రోజుకీ వినిపిస్తాయి.

మన నది పేరు పెట్టుకున్న ఆ ఆంబోతు బ్రెజిల్ చేరే ముందు ఎక్కడ ఆగిందన్నది మాత్రం ఆ వార్తలతో పాటు రాదు. ఆ మందలను నేరుగా దేశంలోకి రానివ్వలేదు. తీరానికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో దింపి, నెలల తరబడి అక్కడే కట్టేసి ఉంచారు. అంత ఖరీదు పెట్టి కొన్న పశువుల్ని, అంత దూరం తెచ్చుకుని, ఇంటి గుమ్మం ముందు నెలల పాటు ఎందుకు ఆపారు? ఆ నెలల లెక్క వెనక వందేళ్లకు పైగా సాగిన పశువుల చావులున్నాయి.

డెల్టాలో పశువుల్ని పెంచే ఇంట్లో దీని మూలం తెలియని వాళ్లుండరు. సంతలో కొన్న గేదెను ఆ సాయంత్రమే పాకలో మిగతా వాటి పక్కన కట్టేస్తానంటే పెద్దవాళ్లు ఊరుకోరు. కొన్నాళ్లు కొబ్బరి తోటలోనో, గడ్డిమేటు పక్కనో విడిగా కట్టమంటారు. మేత ఎలా తింటోంది, నోట్లోంచి చొంగ కారుతోందా, పేడ ఎలా వేస్తోంది చూస్తారు. నోట్లో, గిట్టల దగ్గర పుండ్లు పడే గాలికుంటు జబ్బు ఒక పాకలో దూరితే ఊరంతా ఎలా తిరుగుతుందో చూసిన వాళ్ల జాగ్రత్త అది. అయితే ఎన్నాళ్లు విడిగా కట్టాలి? వారమా, నెలా, మూడు నెలలా? ఆ జవాబు జబ్బును బట్టి మారిపోతుంది.

సూక్ష్మజీవి ఒంట్లోకి దూరిన రోజుకీ, జబ్బు బయటపడే రోజుకీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. దాన్ని పొదిగే కాలం అంటారు. ఈ కాలంలో పశువు చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది. సంతలో ధర కూడా బాగానే పలుకుతుంది. గాలికుంటుకు ఈ కాలం రెండు రోజుల నుంచి పద్నాలుగు రోజులు. ఊళ్లలో పెద్దరోగం అని వణికిపోయిన రిండర్‌పెస్ట్‌కు సాధారణంగా మూడు నుంచి పదిహేను రోజులు. ఊపిరితిత్తుల్ని పట్టే అంటురోగం, ప్లూరోనిమోనియా, వీటికి పూర్తిగా వేరు. అది ఒకటి నుంచి మూడు నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కాలం బయటపడకుండా ఉండగలదు.

ఇప్పుడు ఈ రోజుల్ని ఓడ ప్రయాణం పక్కన పెట్టి చూడండి. నాకు ఈ విషయంలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించేది ఇదే.

తెరచాప ఓడల కాలంలో సముద్రమే క్వారంటైన్. పెద్దరోగం తగిలిన పశువు రెండు మూడు వారాల్లో చచ్చిపోతుంది, లేదా కోలుకుంటుంది. కోలుకున్న దానికి మళ్లీ ఆ జబ్బు రాదు, దాని నుంచి ఇంకొకదానికి అంటదు కూడా. ఓడలో పది పదిహేను పశువులున్నాయనుకుందాం. ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకుతూ పోయినా, అంటడానికి కొత్త పశువు మిగలనప్పుడు పుల్లలు అయిపోయిన పొయ్యిలా జబ్బు ఆరిపోతుంది. ఆఫ్రికా కొస చుట్టి నాలుగైదు నెలలు నడిచే ఓడలో ఆ మంట అవతలి తీరం దాకా బతికి ఉండటం కష్టం. శతాబ్దాల పాటు యూరప్‌నూ ఆసియానూ ఊడ్చేసిన పెద్దరోగం అమెరికా ఖండాల్లో, ఆస్ట్రేలియాలో అన్నేళ్లు అడుగుపెట్టకపోవడానికి ఇదొక పెద్ద కారణం. అప్పట్లో ఏ అధికారీ ఈ లెక్క వేసి కాపాడలేదు. గాలివాటం కాపాడింది.

నెమ్మది జబ్బు విషయం అలా కాదు. ప్లూరోనిమోనియాకు నాలుగు నెలల ప్రయాణం ఒక లెక్క కాదు. 1843లో న్యూయార్క్ పక్కన బ్రూక్లిన్‌లో ఒక పాల వ్యాపారి ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఓడలోని ఆవును కొన్నాడు. దానితోనే ఆ జబ్బు అమెరికాలో దిగింది. 1853లో హాలండ్ నుంచి ఒక ఆంబోతు దక్షిణాఫ్రికాలోని మోసెల్ బే రేవులో దిగింది. అది తెచ్చిన ఊపిరితిత్తుల రోగం ఖోసా ప్రజల మందల్ని కూల్చింది. ఆ కష్టంలో, ఉన్న పశువుల్ని చంపేస్తే పితృదేవతలు మేలైన మందల్ని పంపుతారన్న ఒక జోస్యాన్ని నమ్మి 1856, 57లలో తమ పశువుల్ని తామే చంపుకున్నారు. తర్వాత వచ్చిన కరువులో వేలమంది చనిపోయారు. 1858లో ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌కు వెళ్లిన పశువులతో అక్కడా అదే జబ్బు చేరింది. మూడు ఖండాలు, మూడు రేవులు. దిగిన రోజున ఆ పశువులు కంటికి బాగానే కనిపించాయి, అందుకే కొన్నవాళ్లు కొన్నారు.

అంటే తెరచాప కాలంలో సముద్రం తొందర జబ్బును ఆపింది, నెమ్మది జబ్బును వదిలింది. ఆవిరి ఓడలు వచ్చాక తొందర జబ్బుకూ దారి దొరికింది.

ఈ మార్పు మన తీరానికి కొత్త కాదు. కోరంగి తెరచాప ఓడలు గాలి కోసం కాచుకుని రంగూన్ వెళ్లేవి. కాకినాడకు స్టీమర్లు వచ్చాక గాలితో పని లేకుండా పోయింది. మనుషులకు అది మేలే. 1869లో సూయజ్ కాలువ తెరిచాక ఇండియా నుంచి యూరప్‌కు నెలల ప్రయాణం వారాల్లోకి దిగింది. పైగా స్టీమర్ పెద్దది, వందల పశువుల్ని ఎక్కించుకుంటుంది. ప్రయాణం పొట్టిదైంది, ఓడలో అంటడానికి పశువులు పెరిగాయి. జబ్బుకు ఈ రెండూ కలిసొచ్చాయి.

1865 మేలో బాల్టిక్ తీరంలోని రెవెల్ నుంచి, అంటే ఇప్పటి టాలిన్ నుంచి, టోనింగ్ అనే స్టీమర్ ఇంగ్లండ్‌లోని హల్ రేవుకు పశువుల్ని తెచ్చింది. జూన్‌కల్లా లండన్ పశువుల మార్కెట్‌లో పెద్దరోగం బయటపడింది. రెండేళ్లలో లక్షల పశువులు పోయాయి. 1887 ప్రాంతంలో ఇటలీ సైన్యం కోసం ఎర్ర సముద్రపు రేవు మస్సావాకు తెచ్చిన పశువులతో ఆ జబ్బు తూర్పు ఆఫ్రికాలో దిగింది. అవి ఇండియా నుంచి వెళ్లినవేనని ఎక్కువమంది చరిత్రకారులు చెబుతారు. పదేళ్లలో అది ఖండం దక్షిణ కొస దాకా పాకింది. ఇథియోపియాలో పశువుల్లో పదింటికి తొమ్మిది చచ్చిపోయాయంటారు. దున్నడానికి ఎద్దు లేని ఊళ్లలో ఏం జరుగుతుందో డెల్టా రైతుకు వేరే చెప్పక్కర్లేదు. దమ్ము చేసే రోజుల్లో అరక ఆగితే ఆ ఏడు ఊడుపు లేదు, ఊడుపు లేకపోతే తిండి లేదు. ట్రాక్టర్లు రాకముందు ఆనకట్ట నీళ్లు ఎన్ని వచ్చినా, పొలంలో దిగాల్సింది ఎద్దే.

1920లో జరిగింది మాత్రం సరిగ్గా మన కథే. ఇండియా నుంచి బ్రెజిల్‌కు వెళ్లే మూపురపు పశువులు దారిలో బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో దిగాయి. వాటితో పెద్దరోగం బెల్జియంలోకి వచ్చింది. మన పశువులు తరతరాలుగా ఆ జబ్బు మధ్య బతికినవి. కొంత తట్టుకునే శక్తి ఉండటంతో వాటిలో జబ్బు తేలిగ్గా, పైకి పెద్దగా తెలియకుండా పోయే వీలుంది. అదే వైరస్ దాన్ని ఎరగని యూరప్ ఆవుల్లోకి వెళితే కూల్చేస్తుంది. మరుసటేడు బ్రెజిల్‌లోనూ పెద్దరోగం బయటపడింది, ఇండియా పశువుల దిగుమతిని బ్రెజిల్ ఆపేసింది. 1923లో ఆస్ట్రేలియా పశ్చిమ తీరానికీ ఆ జబ్బు చేరింది. ఈ భయంతోనే 28 దేశాలు 1924 జనవరి 25న పారిస్‌లో ఒప్పందం చేసుకుని అంతర్జాతీయ పశు ఆరోగ్య సంస్థను పెట్టుకున్నాయి. ఏ దేశంలో ఏ జబ్బు వచ్చినా మిగతా దేశాలకు వెంటనే చెప్పాలన్నది దాని మొదటి పని.

దేశాలు వేసుకున్న నియమాలు రెండు దారుల్లో నడిచాయి. మొదటిది బ్రిటన్ దారి. 1871లో లండన్ పక్కన డెట్‌ఫర్డ్‌లో, పాత నౌకానిర్మాణ కేంద్రం ఉన్న చోట, విదేశీ పశువుల మార్కెట్ తెరిచారు. థేమ్స్ నది మీదుగా ఓడలో వచ్చిన పశువు అక్కడ దిగాలి, పది రోజుల్లోగా అక్కడే కోతకు పోవాలి. ప్రాణంతో గేటు దాటే వీలు లేదు. మాంసం కోసం తెచ్చే దేశానికి ఆ దారి సరిపోయింది. 1896 చట్టంతో అదే పద్ధతి శాశ్వత నియమమైంది.

జాతిని పెంచుకోవడానికి తెచ్చేవాళ్లకు అది పనికిరాదు కదా. వాళ్లకు రెండో దారి: విడిగా కట్టి కాచుకోవడం. 1880లలో అమెరికా యూరప్ పశువులకు 90 రోజులు పెట్టింది. ఆ 90 ఊరికే పెట్టిన అంకె కాదు, నెమ్మది జబ్బు పొదిగే కాలాన్ని చూసి పెట్టింది. ఆ రోజుల్ని రేవులో దిగినప్పటి నుంచి కాక, ఓడెక్కినప్పటి నుంచి లెక్కపెట్టేవారు. ప్రయాణం నెల పడితే నేల మీద రెండు నెలలు. ఓడ వేగం పెరిగి సముద్రం మీద తగ్గిన రోజుల్ని నేల మీద వసూలు చేశారన్న మాట. నాకు తెలిసి క్వారంటైన్ అసలు తర్కం ఇంత నేరుగా కనిపించే నియమం ఇంకొకటి లేదు.

బ్రిటిష్ ఇండియాలో పశుసంపద దిగుమతి చట్టం 1898లో వచ్చింది. సవరణలతో అది ఇప్పటికీ అమల్లో ఉంది. ఆ చట్టం పశువు దగ్గరే ఆగదు. మేత, పేడ, కొట్టంలో పరిచిన గడ్డి, పశువు మీద కప్పిన గుడ్డ, జీను, పగ్గాలు, వీటన్నిటి దిగుమతినీ ఆపే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. రాసినవాళ్లు కొట్టం పని తెలిసినవాళ్లే అనిపిస్తుంది. నోటి చొంగ తగిలిన గడ్డి, పేడ అంటిన పలుపు పశువు కన్నా ముందే జబ్బును రేవు దాటించగలవు.

క్వారంటైన్ కొట్టంలో రోజువారీ పని చూస్తే పెద్ద విద్యలా అనిపించదు. అక్కడి పశువుల్ని చూసే మనిషి వేరే మందను ముట్టుకోకూడదు. లోపలికీ బయటికీ వెళ్లేటప్పుడు మందు నీళ్లలో కాళ్లు కడగాలి. పేడ, మిగిలిన మేత బయటకు పోకూడదు. పూటపూటా థర్మామీటర్ పెట్టి జ్వరం చూడాలి. ఆ థర్మామీటరే అక్కడ అన్నిటికన్నా విలువైన పనిముట్టు. ఆరోగ్యంగా ఉన్న ఆవుకు ఒంటి వేడి 101.5 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు అటూ ఇటూగా ఉంటుంది. పెద్దరోగంలో నోట్లో పుండ్లు కనబడటానికి రెండు మూడు రోజుల ముందే అది 104 దాటుతుంది. కంటికి కనపడే లోపు పాదరసం చెబుతుంది, ఆ రెండు మూడు రోజులే మిగతా మందను కాపాడతాయి.

కానీ రోజులు లెక్కపెట్టి ఊరుకుంటే దొరకని జబ్బులూ ఉన్నాయి. 1906లో టెక్సాస్ పశువుల యజమాని ఒకరు ఇండియా నుంచి మూపురపు పశువుల్ని తీసుకెళితే, న్యూయార్క్ దగ్గర ఒక చిన్న దీవిలో ఆపారు. వాటిలో కొన్నిటి రక్తంలో సర్రా జబ్బు పరాన్నజీవి దొరికింది. ఈ జీవిని 1880లో పంజాబ్‌లో గ్రిఫిత్ ఎవాన్స్ కనిపెట్టాడు. జోరీగలు దీన్ని ఒక పశువు నుంచి ఇంకొక పశువుకు మోస్తాయి. ఆవులో అది పెద్దగా బయటపడకుండా ఉండిపోతుంది, గుర్రానికి వెళితే ప్రాణం తీస్తుంది. రక్తపరీక్ష లేకపోతే ఆ ఆవులు హాయిగా టెక్సాస్ గుర్రాల మధ్యకు వెళ్లిపోయేవి. గాలికుంటు ఇంకో రకం చిక్కు. నయమైన పశువు గొంతులో ఆ వైరస్ ఏళ్ల తరబడి మిగిలి ఉండొచ్చు. పొడుగాటి కాడకు చిన్న గిన్నె బిగించిన పరికరాన్ని గొంతులోకి దింపి, అక్కడి జిగురును గీరి తీసి పరీక్షిస్తే తప్ప తెలియదు. అందుకే ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ విడిగా కట్టడానికి తోడు ల్యాబ్ పరీక్ష కూడా తప్పనిసరైంది. బ్రెజిల్ మన ఆంబోతుల్ని సముద్రం మధ్య దీవిలో నెలల పాటు పెట్టిందంటే, 1921 అనుభవం వాళ్లు మరిచిపోలేదనే అర్థం.

పెద్దరోగం ఇప్పుడు లేదు. టీకాలతో ఇండియాలో చివరి కేసు 1995లో ముగిసింది, 2011లో ప్రపంచమంతా దాని నుంచి బయటపడిందని ప్రకటించారు. మనుషుల మశూచి తర్వాత భూమి మీద లేకుండా చేయగలిగిన రెండో జబ్బు అదే.

డెల్టాలో ఇప్పుడు క్వారంటైన్ మీద ఎక్కువగా ఆధారపడ్డది రొయ్యల చెరువు. 1994 నుంచి తెల్లమచ్చ జబ్బు టైగర్ రొయ్య రైతుల్ని ఎంత దెబ్బతీసిందో భీమవరం వైపు ఎవరినడిగినా చెబుతారు. 2009లో విదేశీ రకమైన వెనామీ రొయ్యకు అనుమతి ఇచ్చినప్పుడు అందుకే షరతు పెట్టారు. విదేశాల నుంచి వచ్చే తల్లి రొయ్యలు నేరుగా పిల్లల్ని తీసే హేచరీకి వెళ్లకూడదు, చెన్నై నీలాంగరైలోని క్వారంటైన్ కేంద్రంలో దిగి పరీక్షలు దాటాలి. ఆ దారి తప్పించి, చెరువులో పెరిగిన రొయ్యల్నే తల్లులుగా వాడి తీసిన సీడ్, అంటే రొయ్య పిల్లలు, చవగ్గా దొరుకుతుంది. ఆ చవకలో ఏ జబ్బు వస్తోందో రైతుకు తెలిసే సరికి పంట సగంలో ఉంటుంది. జబ్బు ఉందో లేదో చెప్పే పీసీఆర్ పరీక్ష రిపోర్టు చూడనిదే సీడ్ దించుకోవద్దని గట్టిగా చెప్పాలనిపిస్తుంది నాకు.

ఇక గేదెల సంగతి. హర్యానా నుంచి ముర్రా గేదెలు లారీల్లో మూడు నాలుగు రోజుల్లో డెల్టాకు వచ్చేస్తున్నాయి. పైన చెప్పిన జబ్బుల పొదిగే కాలం పూర్తిగా గడవడానికి ఆ ప్రయాణం చాలదు. దారిలో రేవు లేదు, దీవి లేదు, థర్మామీటర్ పట్టుకున్న మనిషి లేడు. పాడి రైతు పాకే ఆఖరి రేవు. లారీ దిగిన గేదెను కనీసం మూడు వారాలు వేరే చోట కట్టండి. దాని కుడితి తొట్టి, పాల చెంబు, పలుపు వేరుగా ఉంచండి. మిగతా వాటి పాలు పితికాకే దాని దగ్గరికి వెళ్లండి. గాలికుంటు టీకా వేశారో లేదో అమ్మినవాళ్లను అడగండి, వేయకపోతే పశువుల డాక్టర్‌తో మాట్లాడి వేయించండి.