మోచేయి ఓర్వలేని వేగం: స్టీవ్ డల్కౌస్కీ నేపథ్యం

బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే పిచర్ల గాయాలపై, అమెరికాలో ఆ ఆటకు అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ 2024 డిసెంబరులో ఒక నివేదిక విడుదల చేసింది. బంతిని ఇంకా వేగంగా విసరాలన్న తాపత్రయం మోచేతులు దెబ్బతినడానికి ముఖ్య కారణాల్లో ఒకటని తేల్చింది. ఈ తాపత్రయం నిన్న మొన్నటిది కాదు. స్పీడ్ గన్‌లు మైదానాల్లోకి రాకముందే దీని మూల్యం చెల్లించిన పిచర్ ఒకడున్నాడు. మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని అతడి పేరు అమెరికాలోనే చాలామందికి తెలియదు.

స్టీవ్ డల్కౌస్కీ 1939లో కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ బ్రిటన్‌లో పుట్టాడు. కళ్లకు మందపాటి అద్దాలు, ఎడమచేతి వాటం, చూస్తే మామూలు ఒడ్డూ పొడుగూ. 1957లో హైస్కూల్ చదువు ముగియగానే మేజర్ లీగ్‌కు చెందిన బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు 4,000 డాలర్ల బోనస్ ఇచ్చి చేర్చుకుంది. మేజర్ లీగ్‌కు కింది మెట్టయిన మైనర్ లీగ్‌లో తొలి ఏడాది 62 ఇన్నింగ్స్‌లో 121 మందిని స్ట్రైకవుట్ చేశాడు. ఇక్కడ ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్. బ్యాటర్ కొట్టలేకపోయిన బంతి, లేదా కొట్టకుండా వదిలేసిన సరైన బంతి స్ట్రైక్. మూడు స్ట్రైకులు పడితే స్ట్రైకవుట్. అదే 62 ఇన్నింగ్స్‌లో 129 వాక్‌లు ఇచ్చాడు. నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్ ఊరికే మొదటి బేస్ చేరుకోవడమే వాక్. 1960లో కాలిఫోర్నియాలోని స్టాక్‌టన్ జట్టుకు ఆడినప్పుడు స్ట్రైకవుట్లూ 262, వాక్‌లూ 262.

అతడి బంతి వేగం ఎంతో తెలుసుకోవాలని 1958లో అతణ్ని మేరీల్యాండ్‌లోని అబర్డీన్ సైనిక పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లారు. ముందు రోజే మ్యాచ్‌లో బంతులు విసిరి అలసిన చేయి అది. పిచర్ నిలబడి విసిరే మట్టిదిబ్బ కూడా లేదు, చదును నేల. బంతి పరికరంలోని కాంతిరేఖ గుండా పోతేనే వేగం నమోదవుతుంది. గురి కుదరక దాదాపు 40 నిమిషాలు విసురుతూనే ఉన్నాడు. చివరకు నమోదైంది గంటకు 150 కిలోమీటర్లు. అది అతడి అసలు వేగమని ఎలా నమ్మగలం?

అతణ్ని నిజంగా అర్థం చేసుకున్నది ఎర్ల్ వీవర్ అనిపిస్తుంది. 1962లో మైనర్ లీగ్‌లోని ఎల్మైరా జట్టు మేనేజర్‌గా ఉన్న వీవర్ బంతుల రకాలు తగ్గించమన్నాడు, బలమంతా వాడకుండా ముందు గురి చూసి వేయమన్నాడు. రెండు స్ట్రైకులు పడ్డాక తాను ఈల వేస్తే మాత్రం శక్తికొద్దీ విసరమన్నాడు. ఆ ఏడాది 160 ఇన్నింగ్స్‌లో 192 స్ట్రైకవుట్లు వస్తే వాక్‌లు 114కి దిగాయి. మొదటి ఐదేళ్లూ ఇలాంటి శిక్షణ దొరకలేదన్నదే నా బాధ.

మరుసటి మార్చిలో మేజర్ లీగ్ జట్టు దుస్తులకు కొలతలు తీసుకున్నారు. అదే రోజు న్యూయార్క్ యాంకీస్ జట్టుతో సన్నాహక మ్యాచ్‌లో ఎడమ మోచేయి దెబ్బతింది. ఆ వేగం మళ్లీ తిరిగి రాలేదు. మోచేతి లిగమెంటును పునర్నిర్మించే శస్త్రచికిత్సను డాక్టర్ ఫ్రాంక్ జోబ్ మొదటిసారి, పిచర్ టామీ జాన్‌కు, చేసింది 1974లో. ఆ తర్వాత జాన్ 1989 దాకా ఆడాడు. డల్కౌస్కీ ఆట మాత్రం 1960ల మధ్యలోనే ముగిసింది. 46 విజయాలు, 80 ఓటములు, అన్నీ మైనర్ లీగ్‌లోనే.

తర్వాత కాలిఫోర్నియా పొలాల్లో కూలి పనులు, మద్యం. 1994లో సొంత ఊరిలోని సంరక్షణ కేంద్రానికి చేరేనాటికి ఆ మధ్య సంవత్సరాల్లో చాలా భాగం అతడికి గుర్తే లేదు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్‌తో, 80 ఏళ్ల వయసులో మరణించాడు. అతడు ఆడిన రోజుల్లో మైనర్ లీగ్ ఆటగాళ్ల తరఫున మాట్లాడే సంఘం లేదు. 2022లో వాళ్లు మేజర్ లీగ్ ఆటగాళ్ల సంఘంలో చేరారు. జీతాల గురించి, వసతి గురించి వాళ్లకు తొలి ఉమ్మడి ఒప్పందం దక్కింది 2023లో.