జ్వరం ముందుగా తెలిసేది ఇంట్లోనే

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో వాడే థర్మామీటరు దేశమంతటి ఫ్లూ జాడ ఎలా చెబుతుందని అడిగారు కదా. అమెరికాలో జరిగిన పని గురించి చెబుతాను.

అక్కడ సీడీసీ అనే ప్రభుత్వ సంస్థ ఏళ్లుగా ఫ్లూ లెక్కలు తీస్తోంది. 100 డిగ్రీల ఫారన్‌హీట్, అంతకు మించిన జ్వరంతో పాటు దగ్గో గొంతునొప్పో ఉన్నవాళ్లు ఎంతమంది వచ్చారో క్లినిక్‌లు వారంవారం తెలియజేస్తాయి. నమ్మదగిన లెక్కే. కానీ ఒళ్లు వెచ్చబడిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లేదెవరు? చాలామంది అసలు వెళ్లరు. మొదటి కబురు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆ కబురు అందుకోవాలని 2012లో ఇందర్ సింగ్ కిన్సా అనే సంస్థ పెట్టి, ఫోనుకు కలిసే థర్మామీటరు తయారు చేయించారు. కొలిచిన అంకె యాప్‌లోకి చేరుతుంది. పేర్లు లేకుండా, ప్రాంతాలవారీగా అవన్నీ కలిపి చూస్తారు. అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అలాంటి 80 లక్షలకు పైగా కొలతలను పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. అవి సీడీసీ లెక్కలతో దగ్గరగా సరిపోయాయి. 2020 మార్చిలో బడులు, హోటళ్లు మూతపడ్డాక అమెరికాలో జ్వరాలు తగ్గుముఖం పట్టడమూ ఈ థర్మామీటర్లలో త్వరగానే కనిపించింది.

మీరు శ్రద్ధగా వినాల్సింది ఇప్పుడు చెప్పేది. పెద్దలూ పిల్లలూ కలిసి ఉండే ఇళ్లలో జ్వరం ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకిందో ఇవే కొలతలతో చూశారు. 2023లో వెలువడిన ఆ అధ్యయనంలో, అలా పాకిన సందర్భాల్లో నూటికి 70 పిల్లలతోనే మొదలయ్యాయి. బడి సెలవుల్లో ఆ వంతు తగ్గింది. ఇది మీ తప్పు కాదు, ఎవరూ అలా అనుకోకూడదు. ఒకే గదిలో ముప్పై నలభై మంది పక్కపక్కనే కూర్చుంటారు కాబట్టి అలా జరుగుతుంది. అందుకే, జ్వరం ఉన్న బిడ్డను హాజరు కోసం బడికి పంపడం నాకు ఎంతమాత్రం నచ్చదు.

నన్ను కలవరపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. 2018లో కిన్సా ఏయే ప్రాంతాల్లో జ్వరాలు పెరుగుతున్నాయో ఆ సమాచారాన్ని క్లోరాక్స్ కంపెనీకి అమ్మింది. అక్కడ క్రిమిసంహారకాల ప్రకటనలు పెంచుకోవడానికి ఆ కంపెనీ దాన్ని వాడుకుంది. పేర్లు ఇవ్వలేదన్నది నిజమే. అయినా బిడ్డకు ఒళ్లు కాలుతోందని తల్లి చూసుకున్న అంకె వ్యాపార సరుకు కావడం నాకు మింగుడుపడదు. అలాంటి యాప్ ఇంట్లోకి వస్తే, మన వివరాలు ఎవరికి ఇస్తారో అమ్మానాన్నలను చదివి చెప్పమనండి.

థర్మామీటరుకు తెలిసేది వేడి ఒక్కటే, రోగం పేరు కాదు. మన ఊళ్లలో వానాకాలంలో ఫ్లూతో పాటు డెంగీ, మలేరియా, టైఫాయిడ్ కూడా తిరుగుతుంటాయి. ఇక్కడ జ్వరాల పటం చూసి ఫ్లూ అనేయలేం, రక్తపరీక్ష కావాల్సిందే.

ఫోనుకు కలిసేదైనా మామూలుదైనా, వేడి పాలు తాగాక అరగంట ఆగి నోట్లో పెట్టుకోండి. అంకె పక్కన సమయం రాయండి. అంతకుముందు పారాసెటమాల్ వేసుకుని ఉంటే అదీ రాయండి. డాక్టరు మొదట అడిగేవి అవే.

ప్రేమతో,
మీ తాతయ్య