నీషే చెప్పిన ‘జీవితానికి ఔననే కళ’: అపోహలు, వాస్తవాలు

అపోహ: కళ జీవితాన్ని నిలబెట్టాలని జర్మన్ తత్వవేత్త నీషే అన్నాడు కాబట్టి, ఏడుపు రాతలు ఆయనకు గిట్టవు.

వాస్తవం: సరిగ్గా తలకిందులు. తత్వశాస్త్రం తరగతిలో ఏటా ఇదే వింటాను. విన్న ప్రతిసారీ ఓపిక నశిస్తుంది, ఎందుకంటే దీని దెబ్బ తగిలేది దుఃఖంలో ఉన్నవాళ్లకే. నీషే తన సిద్ధాంతం కట్టిందే విషాద నాటకం మీద. 1872లో వచ్చిన ‘ది బర్త్ ఆఫ్ ట్రాజెడీ’లో గ్రీకు పురాణాల్లోని జ్ఞాని సైలీనస్ కథ చెబుతాడు: మనిషికి ఏది మేలని మైడాస్ రాజు అడిగితే, పుట్టకపోవడమే మేలంటాడు సైలీనస్. గ్రీకులకు ఆ మాట తెలుసు. తెలిసి కూడా బతకడానికే వాళ్లకు కళ కావలసివచ్చింది. రంగస్థలం మీద వీరుడు నాశనమవుతాడు. చూసేవాడు మాత్రం, ఎన్ని రూపాలు కూలినా జీవశక్తి చెక్కుచెదరదన్న ఓదార్పుతో లేస్తాడు. విషాద నాటకం జీవితేచ్ఛను వదులుకోవడం నేర్పుతుందన్నాడు ఆయనకు ముందరి జర్మన్ తత్వవేత్త షోపెన్‌హవర్. దానికి నీషే జవాబు ఇది.

తండ్రి పోయిన ఏడాది ఒక విద్యార్థిని ఆయన మీదే కవితలు రాసేది. “ఎప్పుడూ చావు గురించేనా, కాస్త ఉత్సాహంగా రాయి” అని బంధువులు మందలించారట. “నేను జీవితాన్ని కాదంటున్నానా మేడమ్?” అని అడిగింది. ఒక కవిత నిండా ఆయన కళ్లజోడే: విరిగిన కాడకు చుట్టిన నల్లదారం, అద్దం మీద వేలిముద్ర, దాన్ని తుడవనివ్వని కూతురు. పోయిన మనిషిని అంత ప్రేమగా చూడగలగడమే జీవితానికి ఔననడం. అదే చెప్పాను.

అపోహ: నీషేను చదివితే పిచ్చెక్కుతుంది.

వాస్తవం: 1889 జనవరిలో ట్యూరిన్‌లో ఆయన మతి చెదిరి కుప్పకూలింది జబ్బుతో. తల్లిదండ్రుల భయం అర్థమవుతుంది, కానీ పుస్తకం అంటువ్యాధి కాదు.

అపోహ: ఆయన శూన్యవాది (నిహిలిస్టు), అంటే దేనికీ అర్థం, విలువ లేవనేవాడు.

వాస్తవం: శూన్యవాదాన్ని రోగంగా గుర్తించి, దాటే దారి వెతికినవాడు.

అపోహ: ‘కళ కళ కోసమే’ అన్నాడు.

వాస్తవం: అనలేదు. కళకు నీతిబోధ పని కాదన్నాడు, అంతమాత్రాన ప్రయోజనమే లేదనడాన్నీ ఒప్పుకోలేదు. కళ ఒకదాన్ని పొగుడుతుంది, ఎంచుతుంది, ముందుకు తెస్తుంది; జీవితానికి అది గొప్ప ప్రేరకమని 1888లో రాశాడు.

కొత్తగా చదివేవాళ్లు ‘ట్రాజెడీ’కి 1886లో ఆయనే చేర్చిన ఆత్మవిమర్శతో మొదలుపెట్టండి. సంగీతకర్త వాగ్నర్‌ను ఆకాశానికెత్తిన చివరి అధ్యాయాలు తర్వాత చదివినా నష్టం లేదు.