డిస్కులు బాగానే ఉన్నాయి, నిండింది రిజిస్టర్

హనుమకొండలో ఒక ఆఫీసు స్టోరేజ్ పదే పదే పడిపోతోందని పిలిస్తే వెళ్లాను. నాలుగు సర్వర్ల మీద సెఫ్ నడుస్తోంది, అంటే వాటి డిస్కులన్నిటినీ కలిపి ఒకే స్టోరేజ్‌గా చూపే సాఫ్ట్‌వేర్. ఒక డిస్కు 'డౌన్' అని చూపిస్తుంది, కాసేపటికి లేస్తుంది, ఈలోగా ఇంకోటి పడుతుంది. అప్పటికే కేబుళ్లు, స్విచ్ మార్చేశారు. అందరిలో ఒకటే టెన్షన్, డేటా పోతుందేమోనని.

నాకు ఆధారం దొరికింది ఒక చిన్న విషయంలో. పొద్దున తెరిచిన ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ (దూరం నుంచే సర్వర్‌లో పనిచేసుకునే కనెక్షన్) చక్కగా పనిచేస్తోంది. అదే సర్వర్‌కు కొత్త సెషన్ తెరుద్దామంటే తెరుచుకోదు. కెర్నల్ లాగ్, అంటే లినక్స్ మూల భాగం రాసుకునే చిట్టా, చూస్తే ఒకే వాక్యం వరుసగా: 'టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్'. పట్టిక నిండింది, వచ్చిన ప్యాకెట్‌ను (డేటా ముక్కను) పడేస్తున్నానని అర్థం.

మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ గేటు తలచుకోండి. వచ్చే ప్రతి బండి నంబరూ రిజిస్టర్‌లో రాయాలనుకుందాం. పేజీలు అయిపోతే యార్డులో ఎంత ఖాళీ ఉన్నా కొత్త బండి బయటే ఆగాలి. నంబరు ఎక్కిన బండ్లకు మాత్రం అడ్డు లేదు. లినక్స్ ఫైర్‌వాల్ కూడా ప్రతి కనెక్షన్‌నూ ఇలాగే రాసుకుంటుంది, దీన్నే ట్రాకింగ్ అంటారు. ఆ ఆఫీసు సర్వర్లలో దీని పరిమితి 65,536 కనెక్షన్లు. పైగా ఒక టీసీపీ కనెక్షన్ చెప్పకుండా చచ్చిపోతే, దాని పేరు మామూలు సెట్టింగ్‌లో 4,32,000 సెకన్లు, అంటే 5 రోజులు, అలాగే ఉండిపోవచ్చు.

అవే సర్వర్ల మీద వర్చువల్ మెషిన్లు (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్లు) కూడా ఉన్నాయి. వాటి డీఎన్‌ఎస్ ప్రశ్నలు (సైట్ పేరుకు అడ్రస్ అడిగేవి), వెబ్ కనెక్షన్లు అన్నీ ఎక్కేది ఇదే రిజిస్టర్‌లోకి. సెఫ్‌లో డిస్కుల ప్రోగ్రాములు కొన్ని సెకన్లకోసారి ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. 20 సెకన్లు జవాబు రాకపోతే అవతలిది పోయిందని మానిటర్ అనే సెఫ్ కాపలా ప్రోగ్రాముకు చెబుతాయి. పోయిందన్నది మళ్లీ లేచి అందరితో కొత్త కనెక్షన్లు కోరుతుంది. రిజిస్టర్‌లో చోటు లేదు. మళ్లీ పడుతుంది. డిస్కు పాపం ఏ తప్పూ చేయలేదు.

ఆ రాత్రికి పరిమితిని 2,62,144 చేశాం. దానికయ్యే మెమరీ 100 ఎంబీ లోపే, భయపడాల్సిన పని లేదు. కానీ నా దృష్టిలో అసలు మందు వేరు: స్టోరేజ్‌కు విడిగా ఉన్న నెట్‌వర్క్‌ను ట్రాకింగ్ నుంచే మినహాయించడం. అలా చేస్తే రాకకూ పోకకూ రెండు వైపులా అనుమతి రూల్ విడివిడిగా రాయాలి. తిరుగు ప్యాకెట్‌ను గుర్తుపట్టే రిజిస్టర్ ఇక ఉండదు కదా.

తర్వాత ఒక సర్వర్‌ను రీబూట్ చేస్తే పరిమితి మళ్లీ 65,536కే వచ్చింది. ట్రాకింగ్ మాడ్యూల్ (కెర్నల్‌లో ఆ పని చేసే భాగం) లోడ్ కాకముందే సెట్టింగ్ అమలు చేయబోయి సిస్టమ్ వదిలేసింది. బూట్‌లో మాడ్యూల్ ముందే లోడ్ అయ్యేలా రాశాకే పెంచిన అంకె నిలిచింది.