రైలెక్కని గవర్నరు

చిరంజీవులకు తాతయ్య దీవెనలు.

శాన్‌హోసేలో మీ ఇంట్లో ఉన్నప్పుడు, ఎన్నికల ముందు ఒక లావుపాటి పుస్తకం పోస్టులో వచ్చింది, గుర్తుందా? ఫలానా చట్టం కావాలా వద్దా అని అందులో మీ అమ్మానాన్నలనే అడుగుతున్నారు. "ఈ పద్ధతి ఎవరు పెట్టారు తాతయ్యా?" అన్నారు మీరు. ఆ మాట అలాగే ఉండిపోయింది. ఇప్పుడు చెబుతాను.

దాని మూలం 1910లో జరిగిన కాలిఫోర్నియా గవర్నరు ఎన్నికలో ఉంది. అందులో గెలిచినవాడు హైరం జాన్సన్. మన దగ్గర గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ జనమే ఎన్నుకుంటారు, మన ముఖ్యమంత్రి చేసే పని అక్కడి గవర్నరుది.

ఆ రోజుల్లో కాలిఫోర్నియాలో సదరన్ పసిఫిక్ రైలు కంపెనీ చెప్పిందే వేదం. రైతు పంట ఊరు దాటాలంటే దాని రైలే దిక్కు, కిరాయి అది అడిగినంత. ఎన్నికల్లో ఎవరు నిలబడాలో కూడా పార్టీ సభల్లో దాని మనుషులు చక్రం తిప్పేవారు. 1909లో వచ్చిన చట్టంతో అభ్యర్థిని ఎంచే పని పార్టీ ఓటర్ల చేతికి వచ్చింది. ఆ చట్టమే రాకపోతే హైరం జాన్సన్ పేరు మనం వినేవాళ్లం కాదని నా నమ్మకం.

జాన్సన్ శాక్రమెంటోలో పుట్టిన లాయరు. 1908లో శాన్‌ఫ్రాన్సిస్కో లంచాల కేసు నడుస్తుండగా ప్రాసిక్యూటర్ ఫ్రాన్సిస్ హెనీని కోర్టు హాల్లోనే కాల్చారు. ఆయన బతికాడు గానీ వాదించే స్థితిలో లేడు. ఆ చోట నిలబడి, నగరాన్ని గుప్పిట్లో పెట్టుకున్న ఏబ్ రూఫ్‌కు శిక్ష పడేదాకా వాదించినవాడు జాన్సన్. తండ్రి గ్రోవ్ జాన్సన్ రైలు కంపెనీ పక్షాన ఉన్న రాజకీయ నాయకుడు. కొడుకేమో ఆ కంపెనీని రాజకీయాల్లోంచి తన్ని తరిమేద్దామన్న ఒక్క మాట పట్టుకుని బయలుదేరాడు.

రైలు కంపెనీతో తలపడేవాడు రైలెక్కి ప్రచారానికి ఎలా వెళతాడు? కారులో తిరిగాడు, అదీ రోడ్లు సరిగా లేని కాలంలో. ఊళ్లోకి రాగానే ఆవు మెడలో కట్టే గంట మోగేది, జనం పోగయ్యేవారు. నాకైతే మన ఊరి దండోరా కళ్లముందు మెదులుతుంది. నవంబరులో డెమొక్రాట్ థియొడార్ బెల్‌ను ఓడించాడు.

1911 అక్టోబరు 10న ఆయన తెచ్చిన రాష్ట్ర రాజ్యాంగ సవరణలు జనం ఓటుకు వచ్చాయి. ప్రజలే చట్టాన్ని ప్రతిపాదించవచ్చు, శాసనసభ చేసిన చట్టాన్ని తిప్పికొట్టవచ్చు, పదవిలో ఉన్నవాణ్ణి మధ్యలోనే దించేయవచ్చు. ఆడవాళ్ల ఓటు హక్కు కూడా ఆ రోజే, 3,587 ఓట్ల తేడాతో గట్టెక్కింది. 2003లో గవర్నరు గ్రే డేవిస్‌ను జనం దించేసింది మధ్యలోనే దించే ఆ హక్కుతోనే.

ఇక్కడ ఆపితే మీకు సగమే చెప్పినట్టు. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు సాగుభూమి కొనకూడదన్న చట్టం మీద 1913లో ఈ జాన్సనే సంతకం పెట్టాడు. గురి జపాన్ రైతుల మీద. భారతీయులకు పౌరసత్వం రాదని 1923లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చాక, పంజాబు నుంచి వెళ్లిన మనవాళ్లూ అందులో చిక్కుకున్నారు. మధ్యలో 1920లో ఆ చట్టాన్ని ఇంకా బిగించింది ఓటర్లే, జాన్సన్ తెచ్చిన హక్కు వాడుకునే! నాకు మనసు కలుక్కుమన్నది అక్కడే. 1952లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1956లో ఓటర్లే బ్యాలెట్ మీద రద్దు చేశారు.

ఈసారి ఆ పుస్తకం వచ్చినప్పుడు అమ్మ పక్కన కూర్చుని ఒక్క ప్రతిపాదన చదవండి. దానివల్ల ఎవరికి మేలు, ఎవరికి దెబ్బ అనిపించిందో ఆదివారం ఫోనులో నాకు చెప్పండి.

మీ తాతయ్య