రాయి, సున్నం, నెత్తుటి బొమ్మ: వేల్స్ పల్లె చర్చిల గురించి అపోహలు – వాస్తవాలు

వేల్స్ కొండల్లోని పాత పారిష్ చర్చిల చుట్టూ కథలకు కొదవ లేదు. అందులో కొన్ని సరదాగా విని వదిలేయదగ్గవి. మరికొన్నిటిని నమ్మి మరమ్మతు మొదలుపెడితే మాత్రం 500 ఏళ్లు నిలిచిన గోడ మన కాలంలోనే పాడవుతుంది.

అపోహ: ఇది ఆరో శతాబ్దంలో కట్టిన చర్చి

ఆరో శతాబ్దం నాటిది ఆ స్థలం కావచ్చు, ఆ పునీతుడి పేరు కావచ్చు. గోడలు మాత్రం కావు. కాడోక్, టెయిలో లాంటి ఆరో శతాబ్దపు పునీతుల కాలంలో వెలసిన ప్రార్థనా మందిరం ఒక్కటి కూడా ఇవాళ వేల్స్‌లో నేలమీద నిలిచి లేదు. కనిపించే రాతి కట్టడం చాలా చోట్ల 12, 16 శతాబ్దాల మధ్య విడతలు విడతలుగా లేచింది. 19వ శతాబ్దంలో దాన్ని మళ్లీ బాగా మార్చారు. సమాధుల ఆవరణ గుండ్రంగా ఉంటే స్థలం పాతదని అనుమానించవచ్చు, అంతే. అది రుజువు కాదు, క్రైస్తవానికి ముందటి పూజారులైన డ్రూయిడ్ల గుడి ఉండేదనడానికి అసలే కాదు.

పోవిస్‌లోని లానానో చూడండి. గోడలు విక్టోరియా రాణి కాలానివి. లోపల బలిపీఠం వైపును వేరుచేసే చెక్క తెర మాత్రం 1500 ప్రాంతానిది. అక్కడ చర్చి వయసెంతని అడిగితే ఒక్క అంకెతో జవాబు రాదు. ఏ భాగం గురించి అడుగుతున్నారో చెప్పాలి.

అపోహ: విల్లులు చేయడానికే చర్చి ఆవరణల్లో యూ అనే సతతహరిత చెట్లు నాటారు

ఇంగ్లిష్ విల్లులకు మేలైన కర్ర ఎక్కువగా బయటి దేశాల నుంచే వచ్చేది. సరుకుతో వచ్చే ఓడలు టన్‌కు నాలుగు చొప్పున విల్లు కర్రలు తేవాలని 1472లో చట్టమే చేశారు. చర్చి తోటలో వంకరగా, ముడులుగా పెరిగిన చెట్టు ఆ పనికి అంతగా పనికిరాదు.

వయసు సంగతి ఇంకా చిక్కు. కాన్వీ జిల్లా లాన్‌గెర్న్యూ చర్చి చెట్టుకు 4,000 ఏళ్లని ప్రచారం. నడిమి కాండం పోయి చెట్టు చీలికలుగా మిగిలింది కాబట్టి వలయాలు లెక్కపెట్టే వీలు లేదు. చుట్టుకొలత నుంచి అంచనా వేద్దామంటే, యూ చెట్టు కొన్ని దశాబ్దాలు పెరగడమే మానేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఇంత పేరున్న చెట్టు నడుమ 1990ల దాకా చర్చి హీటర్‌కు నూనె ట్యాంకు పెట్టుకున్నారంటే నమ్మబుద్ధి కాదు, కానీ నిజం. బోలు కాండాన్ని సిమెంట్‌తో నింపకూడదు. వేళ్ల మీద కార్లు ఆపనివ్వకూడదు.

అపోహ: రాయి బయటికి కనిపించడమే అసలు రూపం

ఎక్కువ నష్టం చేసింది ఈ నమ్మకమే. ఈ గోడలు చెక్కిన రాళ్లతో కట్టినవి కావు. సుమారు 75 నుంచి 90 సెంటీమీటర్ల మందాన, లోపలా బయటా రెండు వరసల బండరాళ్లు పేర్చి, మధ్యలో రాతిముక్కలు, మట్టి, సున్నం కూరినవి. వాటికి గచ్చు పూత, వెల్ల ఉండాల్సిందే. బయట వాన నుంచి కాపు, లోపల బొమ్మలు గీయడానికి ఆధారం. 19వ శతాబ్దపు పునరుద్ధర్తలు 'నిజాయితీ గల రాయి' మోజులో ఆ పూతనంతా గోకేశారు. దాంతోపాటే ఎన్ని చిత్రాలు చెత్తలోకి పోయాయో లెక్క లేదు.

గోకని చోట ఏముందో గ్లమోర్గాన్ లోయలోని లాన్‌కార్వాన్ చూపించింది. 2008లో ఆ చర్చి గోడమీద వెల్ల పొరల కింద బయటపడ్డ బొమ్మల్లో డ్రాగన్‌ను చంపే సెయింట్ జార్జ్, ఏడు మహాపాపాలు, సొగసుగాడి చెయ్యి పట్టుకున్న మృత్యువు ఉన్నాయి. అవి 15వ శతాబ్దం చివరివని అంచనా. పొంటార్‌డులైస్ దగ్గరి సెయింట్ టెయిలో చర్చినైతే రాయి రాయి విప్పి సెయింట్ ఫాగన్స్ మ్యూజియంలో తిరిగి కట్టి, 1530 ప్రాంతంలో ఉండే రంగులతో 2007లో తెరిచారు. బోసి రాతికి అలవాటుపడ్డవాళ్లు అక్కడి ఎరుపు, పసుపు చూసి ఉలిక్కిపడతారు.

అందుకే కొత్త వెల్ల వేసేముందు పాతదాన్ని గోకొద్దు. పొడిగా రాలేదాన్ని మెత్తటి బ్రష్‌తో దులిపి ఆపాలి. చిన్న ఎర్రగీత కనిపించినా పని నిలిపి పాత చిత్రాలను కాపాడే నిపుణుడిని (కన్సర్వేటర్‌ను) పిలవాలి. గోడ తడిపి, నానిన సున్నాన్ని పాలంత పల్చగా కలిపి, రోజుకొక పూత చొప్పున కొత్త పూతపై నాలుగైదు సార్లు వేయాలి. ఒకేసారి చిక్కగా వేస్తే బీటలిచ్చి పొడిపొడిగా రాలుతుంది. ఎమల్షన్ పెయింట్ వేస్తే గోడకు ప్లాస్టిక్ తొడుగు తొడిగినట్టే.

అపోహ: సిమెంట్ గట్టిది, అది పెడితే తేమ ఆగుతుంది

తేమ లోపలే ఆగుతుంది. సున్నపు అతుకు వాన నీటిని కొంత పీల్చి, ఎండ, గాలి తగలగానే వదిలేస్తుంది. గోడ కాస్త కదిలినా సర్దుకుంటుంది. సిమెంట్ సర్దుకోదు, వెంట్రుకంత బీట ఇస్తుంది. నీరు ఆ బీటలోంచి వెళ్తుంది, తిరిగి వచ్చే దారి ఉండదు. గోడ నడుమ కూర్పు నానిపోతుంది, రాయి అంచులు పెచ్చులూడతాయి. గోడలో దూర్చిన ఓక్ దూలాల కొసల్లో తేమ 20 శాతం దాటితే కుళ్లు, ఆ వెనకే కర్రను తొలిచే డెత్‌వాచ్ పురుగు.

సిమెంట్‌ను సన్నటి ఉలితో చేత్తో తీయాలి. గ్రైండర్ పెడితే రాయి అంచు కోసుకుపోతుంది. లోతు కనీసం 25 మిల్లీమీటర్లు, లేదా అతుకు వెడల్పుకు రెట్టింపు. దుమ్ము కడిగి, తడిపి, ఒక పాలు హైడ్రాలిక్ సున్నానికి (తడిలోనూ గట్టిపడే రకం) రెండున్నర నుంచి మూడు పాళ్లు గరుకు ఇసుక కలిపి, పెద్ద సందుల్లో రాతిముక్కలు దూర్చి, ఆ మిశ్రమాన్ని నొక్కాలి. కాస్త బిగిశాక గట్టి బ్రష్‌తో పొడిచి, తడి గోనెగుడ్డ కప్పి రోజుల తరబడి తేమగా ఉంచాలి. 5 డిగ్రీల కంటే చలి ఉంటే మొదలే పెట్టకూడదు. వేల్స్ కొండల్లో ఈ పనికి ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకానే సమయం.

నిజానికి చాలా చోట్ల తేమకు మూలం గోడ కాదు, ఆకులు నిండిన నీటి గొట్టం. ఆకు రాలాక ఒకసారి, వసంతంలో ఒకసారి శుభ్రం చేస్తే సగం ఫిర్యాదులు పోతాయి. ఇంకో మూలం పొగగొట్టం లేని గ్యాస్ హీటర్: కిలో గ్యాస్ మండితే సుమారు కిలోన్నర నీరు ఆవిరిగా చర్చిలోకే వస్తుంది. గోడ పక్కన కాలువ తవ్వేద్దామని తొందరపడకండి. శతాబ్దాల సమాధులతో బయటి నేల ఎత్తు పెరిగింది, పునాది లోతు తక్కువ. పురావస్తు నిపుణుడు పక్కన లేకుండా పార పెట్టకూడదు.

అపోహ: పాట్రిషో అస్థిపంజరం నెత్తుటితో గీసింది, ఎన్ని వెల్లలు వేసినా బయటికొస్తుంది

బ్లాక్ మౌంటెన్స్‌లోని ఈ చిన్న చర్చి పడమటి గోడమీద కొడవలి, ఇసుక గడియారం, పార పట్టుకున్న ఎముకల బొమ్మ ఉంది. నెత్తురైతే ఏనాడో నల్లబడేది. ఇలాంటి గోడబొమ్మల్లో ఎరుపంటే మామూలుగా ఎర్రమట్టి, అంటే ఇనుప ఆక్సైడ్. సున్నంలో చెక్కుచెదరదు. ఇక బయటికి రావడమంటారా, వెల్ల పల్చటి పూత. తడిస్తే పారదర్శకమవుతుంది, ఏళ్లు గడిస్తే అరుగుతుంది. కింద ముదురు రంగుంటే కనిపించక ఏమవుతుంది?

అపోహ: ప్రొటెస్టెంట్ సంస్కరణలో పాతదంతా ధ్వంసమైంది

పాట్రిషోలోనే దీనికి జవాబుంది. జనం కూర్చునే భాగానికీ బలిపీఠం వైపుకీ మధ్య 1500 ప్రాంతపు ఓక్ తెర, దాని పైనున్న మేడతో సహా నిలిచే ఉంది. దానిపై ఉండే శిలువ బొమ్మలు పోయాయి. 1561లో ఎలిజబెత్ రాణి ఆజ్ఞ మేడలు దించమంది, తెరలు ఉంచమంది. మారుమూల లోయల్లో మేడలూ మిగిలాయి. వేరేచోట్ల గోడ మందంలో ఎక్కడికీ పోని ఇరుకు మెట్లు కనిపిస్తే 'రహస్య మార్గం' అంటారు. పోయిన మేడకు ఎక్కే మెట్లవి.

అదే వరసలో మరికొన్ని. కిందికున్న చిన్న కిటికీ కుష్ఠురోగుల కోసం కాదు, వాళ్లను ఆవరణలోకే రానిచ్చేవారు కారు. గంట శబ్దం బయటికి వినిపించడానికో గాలికో పెట్టి ఉండవచ్చు. మూసేసిన ఉత్తర ద్వారం దయ్యం పోయే దారి కాదు, ఊరేగింపులు ఆగాక చలిగాలికి భయపడి మూసింది. పైకప్పు దూలాలు ఓడలవి కావు, ఖాళీ గాడులుంటే ముందు వేరే కట్టడంలో వాడిన కర్ర అన్నమాట.

అపోహ: ఇవి ఇంగ్లండ్ చర్చి ఆస్తులు, ఊరివాళ్లు అనుకుంటే ఏమైనా మార్చుకోవచ్చు

1914 చట్టం 1920 మార్చి 31న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ వేల్స్ చర్చి వేరు. భాష అంతకన్నా ముందే వేరైంది. 1567లో వెల్ష్ ప్రార్థనా పుస్తకం వచ్చింది. 1588లో పూర్తి బైబిల్‌ను వెల్ష్‌లోకి తెచ్చిన విలియం మోర్గాన్ కూడా ఒక పల్లె పారిష్ మతాధికారే. మార్పుల విషయానికొస్తే, వాడుకలో ఉన్న చర్చి భవనానికి స్థానిక కౌన్సిల్ ఇచ్చే లిస్టెడ్ (రక్షిత కట్టడాల) అనుమతి బదులు, డయోసిస్, అంటే బిషప్ పరిధిలోని చర్చి పాలన, ఇచ్చే 'ఫ్యాకల్టీ' అనే అనుమతి కావాలి. నిబంధనలు సడలినట్టు కాదు, అడగాల్సిన చోటు మారిందంతే. గబ్బిలాలుంటే ఇంకో మెట్టు: 1981 వన్యప్రాణి చట్టం వాటిని కాపాడుతుంది. పైకప్పు విప్పడానికి ముందే నిపుణుడితో సర్వే చేయించాలి, పిల్లలు పెట్టే వేసవి నెలల్లో ఆ మూలకు పోకూడదు. సున్నం పనికి అనువైన నెలలూ అవే కాబట్టి ఏ గోడ ముందు, ఏ కప్పు తర్వాత అన్నది ముందటి చలికాలంలోనే రాసిపెట్టుకోవాలి.